దాత ఒకరే, చిరునామాలు నాలుగు

మా అన్నదాన సత్రం ఆఫీసులో తిరిగొచ్చిన కవర్ల కట్ట విప్పుతుంటే ఒకదాని మీద పేరు కింద ‘05-09-2022’ అని అచ్చయి ఉంది. చిరునామా ఉండాల్సిన చోట తేదీ ఎందుకు పడిందో ఎవరికీ అంతుపట్టలేదు. పాత రసీదు పుస్తకం తీసి చూస్తే ఆ దాత డోర్ నంబరు 5-9-22. దాతల జాబితాను ఎవరో ఎక్సెల్‌లో తెరిచారు. అది డోర్ నంబరును తేదీ అనుకుంది, అలాగే దాచింది, కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్ ఆ తేదీనే మింగింది. వెతికితే తోబుట్టువులు ఇంకా దొరికాయి. 12-2-45 ఇంటివారు 1945 ఫిబ్రవరి 12వ తేదీలో కాపురముంటున్నారు. మధ్యలో గీత అడ్డం పడి ‘బై’ ఉన్న నంబర్లు మాత్రం బతికి బయటపడ్డాయి. వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడంకెలు వరసగా వేసే మన మునిసిపాలిటీల పద్ధతి ఎక్సెల్ రాసినవాళ్లకు తెలియకపోవడం పెద్ద తప్పేమీ కాదు. డోర్ నంబర్లున్న నిలువు వరసను ముందుగా ‘టెక్స్ట్’ అని గుర్తుపెట్టకపోవడం మాత్రం మా తప్పు. అమెరికా తెలుగు సంఘాల దగ్గరా ఇదే జబ్బు మరో రూపంలో కనిపిస్తుంది. న్యూజెర్సీ జిప్ కోడ్లు సున్నాతో మొదలవుతాయి. ఎడిసన్ ఊరి 08817ను ఎక్సెల్ అంకెగా తీసుకుని సున్నా కొట్టేసి 8817 చేస్తుంది. తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఊరే అలా జాబితాలోంచి జారిపోతుంది.

దాతల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్న సంస్థలు మొదటి వారమంతా రసీదు నమూనా మీద, ఆన్‌లైన్ చెల్లింపుల మీద కూర్చుంటాయి. చిరునామాలు, ఉత్తరాల ఎంపికలు ఉండే సెట్టింగుల పేజీని అమ్మినవాళ్లు ఎలా ఇచ్చారో అలాగే వదిలేస్తాయి. ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్... ఇందులో ఆలోచించేదేముంది అనుకుంటారు. నేను చూసినంతలో దాతకు సంస్థ మీద మనసు విరిగేది డబ్బు లెక్కల దగ్గర తక్కువ, ఉత్తరాల దగ్గరే ఎక్కువ. అందుకని ఆ ఎవరూ చదవని పేజీని ఒకసారి చివరిదాకా చదువుదాం.

ఈ రకం సాఫ్ట్‌వేర్లలో పేరున్నవి, బ్లాక్‌బాడ్ వారి రైజర్స్ ఎడ్జ్, డోనర్‌పర్ఫెక్ట్, సేల్స్‌ఫోర్స్ మీద నడిచే నాన్‌ప్రాఫిట్ సక్సెస్ ప్యాక్, డబ్బు పెట్టకుండా దొరికే సివిసీఆర్‌ఎం, అన్నీ అమెరికా తపాలా వ్యవస్థ నీడలో పెరిగినవే. అక్కడ 1963లో జిప్ కోడ్ వచ్చింది, 1983లో దానికి మరో నాలుగంకెల తోక తగిలింది. సేవాసంస్థలకు తపాలా రాయితీ ఉంది. ఒక్క విడతలో కనీసం 200 కవర్లో 50 పౌండ్ల బరువో ఉండాలన్నది నియమం. రాయితీ కావాలంటే ఇంకో మెలిక ఉంది. కవర్లు వేసే ముందు 95 రోజుల లోపల ఆ జాబితాను ఇల్లు మారినవాళ్ల వివరాలతో సరిచూసి ఉండాలి. ఇల్లు మారిన అమెరికన్ పోస్టాఫీసుకు చెప్పి వెళ్తాడు. ఆ మార్పులు 48 నెలల పాటు ఒక జాతీయ జాబితాలో ఉంటాయి. లైసెన్సు ఉన్న సంస్థలు మన పట్టికను దానితో పోల్చి కొత్త చిరునామాలు రాసిస్తాయి. అందుకే ఆ సాఫ్ట్‌వేర్లలో చిరునామా సరిచూసే బొత్తం ఒకటి దర్జాగా పైనే కూర్చుని ఉంటుంది.

మన దగ్గర ఆ బొత్తం నొక్కితే ఏమీ జరగదు. ఇల్లు మారినవాళ్లు స్థానిక పోస్టాఫీసులో అర్జీ ఇస్తే ఉత్తరాలు కొత్త చోటికి మళ్లుతాయి తప్ప, దాతల పట్టికతో పోల్చుకునేందుకు అలాంటి జాతీయ జాబితా మనకు లేదు. ఈ ఒక్క తేడాతో మొత్తం లెక్క మారిపోతుంది. అక్కడ చిరునామా అంటే పోస్టాఫీసు ధ్రువీకరించిన సంగతి. ఇక్కడ అది ఫలానా రోజున దాత నోటితో చెప్పిన మాట. మాటకు తేదీ ఉండాలి, చెప్పినదెవరో ఉండాలి. కొడుకు చెప్పాడా, రసీదు పుస్తకం పట్టుకెళ్లిన కార్యకర్త రాసుకొచ్చాడా, దాతే ఫోన్ చేశాడా? రైజర్స్ ఎడ్జ్‌లో ప్రతి చిరునామాకూ ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అనే గడులున్నాయి, ఉత్తరాలు దీనికే పంపాలా వద్దా అన్న గుర్తు వేరే ఉంది. సివిసీఆర్‌ఎంలో ఇల్లు, ఆఫీసు, ముఖ్యమైనది, బిల్లింగు, ఇతర అని రకాలు ముందే ఉంటాయి. మనకు కావలసిన రకాలు, గడులు చేర్చుకోవచ్చు. నన్నడిగితే మొదటి రోజే చేర్చాల్సిన గడి ‘చివరిసారి ఎప్పుడు అడిగి నిర్ధారించాం’ అన్నది. రెండేళ్లు దాటిన పేరు కనిపిస్తే కవరు కన్నా ముందు ఫోన్ కాల్ వెళ్లాలి.

రెండో పని, పాత చిరునామాను చెరపకపోవడం. గుమస్తా చేతికి కొత్త చిరునామా రాగానే పాతదాని మీద కొత్తది దిద్దేస్తాడు. చేతిరాత ఖాతా పుస్తకంలో ఇలా చేస్తే కనీసం కొట్టివేత కింద పాతది కనబడేది. కంప్యూటర్‌లో అదీ మిగలదు.

పాతది ఎందుకు కావాలంటే, ముందుగా చట్టం కోసం. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి 80జీ మినహాయింపు ఉన్న సంస్థలు తమకొచ్చిన విరాళాల వివరాలు 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. ఏడాది ముగిశాక మే 31 గడువు. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. అది దాఖలు చేశాకే దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వగలం. ఆ ఫారంలో దాత పేరు, పాన్ లాంటి గుర్తింపు సంఖ్య, సొమ్ము ఎంత, ఏ రూపంలో వచ్చింది అన్నవాటితో పాటు చిరునామాకూ ఒక గడి ఉంది. జులైలో విజయవాడ నుంచి విరాళమిచ్చిన వ్యక్తి జనవరిలో బెంగళూరు వెళ్లిపోతే, రసీదు మీద ఒక ఊరు, ఫారంలో ఒక ఊరు పడతాయి. దానివల్ల కొంప మునిగిపోదుగానీ ఆడిటరుకు జవాబు చెప్పుకోవాలి. రసీదు చిరునామాను దాత పేరుకు కాకుండా ఆ విరాళానికే ముడివేసి, ఆ రోజున ఉన్నది ఉన్నట్టు స్తంభింపజేస్తే చిక్కే ఉండదు. పేరుకూ ఇదే వర్తిస్తుంది. రసీదు మీద పాన్ కార్డులో ఉన్న పేరు, కవరు మీద ఊళ్లో అందరూ పిలిచే పేరు. రెండూ ఒకే గడిలో ఇమిడించబోతే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, ఆదాయపు పన్ను శాఖో అత్తగారో.

విదేశీ చిరునామాల దగ్గర ఇంకా పెద్ద గుంట ఉంది. చాలా సంస్థలు ‘దేశం’ గడిలో ఇండియా కాక వేరేది కనిపిస్తే ఆ విరాళాన్ని విదేశీ సొమ్ము కింద లెక్కగట్టేలా సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకుంటాయి. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం చూసేది పౌరసత్వాన్ని, ఇంటి గుమ్మాన్ని కాదు. డల్లాస్‌లో ఉంటున్నా భారతీయ పాస్‌పోర్టు ఉన్న అబ్బాయి తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని, రిటైరై హైదరాబాద్‌లో సొంత ఫ్లాటులో కాపురముంటున్న పెద్దాయన ఇచ్చింది విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు ఉన్నా అంతే. 2020 సవరణ తర్వాత అలాంటి సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. చిరునామా చూసి దారి నిర్ణయించే సెట్టింగు ఈ రెండు సందర్భాల్లోనూ తప్పు దారే పట్టిస్తుంది. పౌరసత్వానికి వేరే గడి పెట్టాలి, ‘దేశం’ గడితో దాని ముడి తెంచాలి. ఈ వ్యాసంలో చెప్పే సెట్టింగుల్లో సంస్థను నిజంగా ఇబ్బందిలో పడేసేది ఏదంటే ఇదే.

బ్రిటన్‌లో చట్టం మరోలా అడుగుతుంది. అక్కడ పన్ను కట్టే దాత ‘గిఫ్ట్ ఎయిడ్’ ప్రకటన ఇస్తే, సేవాసంస్థ ప్రతి పౌండుకు 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చు. ఆ ప్రకటనలో ఉండాల్సింది దాత ఇంటి చిరునామా. పంపే పట్టికలో ఇంటి నంబరుకో ఇంటి పేరుకో ఒక గడి, పోస్టుకోడుకు ఒక గడి. అక్కడి తెలుగు సంఘాల్లో, గుళ్లలో చేరే డాక్టరు తన ఆసుపత్రి చిరునామా ఇచ్చాడనుకోండి, ఉత్తరాలకు అది బాగానే పనికొస్తుంది, పన్ను రాబట్టడానికి పనికిరాదు. ఒకరికే రెండు చిరునామాలు, రెంటికీ రెండు పనులు.

ఇక మూడోది, ప్రసాదం వెళ్లే చిరునామా. రసీదు భర్త పేరుతో, ఆయన ఆఫీసుకు. ప్రసాదం పొట్లం మాత్రం ఊళ్లో ఉన్న అమ్మకు. మన దాతల్లో ఇది ఎంత మామూలో, అమెరికా సాఫ్ట్‌వేర్లలో దానికి చోటు వెతకడం అంత కష్టం. ‘కానుక ఎవరి పేరున, కబురు ఎవరికి’ అని కొన్నింట్లో ఉండే సదుపాయమే దీనికి దగ్గరి చుట్టం. అది లేకపోతే ‘ప్రసాదం’ అని ఒక చిరునామా రకాన్నే సృష్టించుకోవడం మేలు.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, ‘సీజనల్ అడ్రస్’. అమెరికా ఉత్తరాన మంచు కురిసే రాష్ట్రాల వృద్ధులు చలికాలం ఫ్లోరిడా వెళ్లి, ఎండలు రాగానే తిరిగి వస్తారు. వాళ్ల కోసం పుట్టిన ఏర్పాటిది. ఫలానా నెల, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ చిరునామా వాడు, తర్వాత మామూలుది వాడు అని చెప్పి ఊరుకోవచ్చు. నాన్‌ప్రాఫిట్ సక్సెస్ ప్యాక్‌లో నెలకూ రోజుకూ వేర్వేరు గడులే ఉన్నాయి. చూడగానే మన అమ్మానాన్నలు గుర్తొస్తారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు పిల్లల దగ్గర, మిగతా ఆరు నెలలు తెనాలిలోనో కరీంనగర్‌లోనో. మన కోసమే చేశారేమో అనిపిస్తుంది. కానీ ఆ గడుల్లో సంవత్సరం ఉండదు. ఫ్లోరిడా పెద్దాయన ఏటా అదే నెలలో వెళ్తాడు. మన వాళ్ల ప్రయాణం కోడలి కాన్పును బట్టి, మనవడి ఒడుగును బట్టి, టికెట్టు ధరను బట్టి ఉంటుంది. ఒక ఏడు ఏప్రిల్‌లో వెళ్తే మూడేళ్లదాకా మళ్లీ వెళ్లరు. సీజనల్ గడి మాత్రం ప్రతి ఏప్రిల్‌లోనూ పొట్లాన్ని నమ్మకంగా అమెరికాకు పంపుతూనే ఉంటుంది. మన వాళ్లకు కావాల్సింది ఏటేటా తిరిగే చిరునామా కాదు, సంవత్సరంతో సహా మొదలూ చివరా ఉన్న తాత్కాలిక చిరునామా. పేరు దగ్గరగా ఉందని సీజనల్‌ను ఎంచుకోకుండా ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ గడులనే వాడాలి.

కుటుంబాల సంగతికొద్దాం. ఒక ఇంటికి ఒక్కటే కవరు వెళ్లాలన్నది మంచి ఆలోచన, ఖర్చూ తగ్గుతుంది. సివిసీఆర్‌ఎంలో లేబుళ్లు తీసేటప్పుడు ‘ఒకే చిరునామా ఉన్నవారిని కలుపు’ అని ఒక గుర్తు ఉంది. ఒకరి చిరునామాను ఇంకొకరు పంచుకునే ఏర్పాటూ ఉంది, తండ్రిది మారిస్తే కొడుకుదీ మారుతుంది. అమెరికా ఇంట్లో భార్య, భర్త, చదువుకునే పిల్లలు ఉంటారు కాబట్టి లెక్క తేలిక. మన దగ్గర ఒకే డోర్ నంబరులో కింద అన్న, పైన తమ్ముడు, మధ్యలో మాటల్లేవు. ఇద్దరూ వేర్వేరుగా దాతలే. ఇద్దరికీ కలిపి ఒక కవరు పంపితే ఏ గుమ్మంలో పడుతుందో దేవుడికే తెలియాలి. మరోవైపు ఫ్లాటు నంబరు రాయని నాలుగు వందల ఇళ్ల అపార్ట్‌మెంటు మొత్తం సాఫ్ట్‌వేర్ కళ్లకు ఒకే కుటుంబం. ఫ్లాటు నంబరుకు విడిగా గడి పెట్టి, అది ఖాళీగా ఉన్న రికార్డుల్ని కలపొద్దని చెప్పాలి. అన్నదమ్ముల్ని కలపాలా వద్దా అన్నది ఏ సెట్టింగూ చెప్పలేదు, ఆ వీధి తెలిసిన మనిషి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ చూపించే ‘కలపదగినవారి’ జాబితాను అందుకే కళ్లు మూసుకుని ఒప్పుకోకూడదు.

పేర్ల దగ్గర తెలుగువాళ్లం మరీ ఎదురీదుతాం. ఇంటిపేరు ముందు, పెట్టినపేరు చివర, మధ్యలో వెంకట. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు గడుల్లో దీన్ని సర్దడంలో ఇంటింటికీ ఒక పద్ధతి. ఫలితంగా సంబోధన ‘డియర్ వెంకట’ అని వస్తుంది. వెంకట అని పిలిస్తే ఆ జాబితాలో సగం మంది పలుకుతారు, లేదా ఎవరూ పలకరు. సాఫ్ట్‌వేర్‌లో దీనికి మందు ఉంది. సివిసీఆర్‌ఎంలో ఈమెయిల్ పలకరింపు, ఉత్తరం పలకరింపు, కవరు మీద పేరు అని మూడు వేర్వేరు ఏర్పాట్లున్నాయి, ఒక్కో దాతకు చేత్తో మార్చి రాసుకోవచ్చు. రైజర్స్ ఎడ్జ్‌లోనూ కవరు పేరు, పలకరింపు వేరువేరే. పెద్ద దాతలకైనా, పాత దాతలకైనా ఇది చేత్తో రాసి పెట్టుకోవాలి. ఒక సంస్థవాళ్లు ‘గారు’ ఎక్కడ పెట్టాలో తెలియక, అమెరికన్లు జూనియర్ అని రాసుకునే పేరు చివరి గడిలో పెట్టారు. కవర్ల మీద ముచ్చటగా వచ్చింది. మే నెలలో 10బీడీ పట్టిక తీస్తే అందులోనూ అందరూ గారులే. గౌరవం నమూనాలో ఉండాలి, పేరులో కాదు. ‘గారికి’ అన్న మాట లేబుల్ నమూనాలోనే రాసేస్తే ఏ రికార్డునూ ముట్టుకోనక్కర్లేదు.

తిరిగొచ్చిన కవర్లతో మొదలుపెట్టాం కదా, వాటి వెనక పోస్టుమ్యాన్ రాసే మాటలు చదవడం ఒక విద్య. ‘డోర్ లాక్డ్’ అంటే చిరునామా తప్పని కాదు, ఆ వేళకు ఇంట్లో ఎవరూ లేరంతే. ‘లెఫ్ట్’ అంటే ఆ చిరునామాకు ముగింపు తేదీ వేయాలి, మనిషికి కాదు. ‘ఇన్‌సఫిషియెంట్ అడ్రస్’ అంటే తప్పు మనదే, ఫోన్ చేసి ‘రామాలయం వెనక వీధి’ అన్న ముక్క అడిగి రాసుకోవాలి. ‘రెఫ్యూజ్డ్’ అన్నది మాత్రం ఉలిక్కిపడాల్సిన మాట, ఆ ఇంట్లో ఎవరో మన ఉత్తరం వద్దన్నారు. ‘డిసీజ్డ్’ గురించి చివర్లో చెప్తాను. చాలా ఆఫీసుల్లో ఈ అయిదింటికీ కలిపి ఒక్కటే చికిత్స, ‘ఉత్తరాలు వద్దు’ గడిలో ఒక గుర్తు. ఆరు నెలల తర్వాత ఆ గుర్తు ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు, తాళం వేసి తిరుపతి వెళ్లొచ్చిన కుటుంబానికి జన్మలో మళ్లీ ఉత్తరం వెళ్లదు. డోనర్‌పర్ఫెక్ట్‌లో ఈ గుర్తు పక్కనే కారణానికి ఒక గడి ఇచ్చారు. మిగతావాటిలో లేకపోతే చేర్చుకోవాలి, కారణం రాయనిదే గుర్తు పడకుండా కట్టడి చేయాలి. సివిసీఆర్‌ఎం ఇంకో తేడా నేర్పుతుంది. ఫోన్ వద్దు, ఈమెయిల్ వద్దు, ఉత్తరం వద్దు, ఎస్‌ఎంఎస్ వద్దు, వివరాలు ఇతరులకు ఇవ్వొద్దు అన్నవి విడివిడి గుర్తులు. మూకుమ్మడి ఈమెయిళ్లు వద్దన్నది మళ్లీ వేరు. వార్తాలేఖ వద్దన్న మనిషికి రసీదు కూడా ఆపేసే సంస్థలకు ఈ తేడా తెలియాలి. రసీదు దాతకు మనం పడ్డ బాకీ.

ఈ గుర్తుల్ని తేలిగ్గా తీసుకుంటే ఎంత దూరం పోతుందో బ్రిటన్ 2015లో చూసింది. బ్రిస్టల్‌లో దశాబ్దాల పాటు పాపీ పూలు అమ్మి సైనికుల కోసం నిధులు పోగుచేసిన ఆలివ్ కుక్ అనే 92 ఏళ్ల వృద్ధురాలు ఆ ఏడు చనిపోయింది. ఆమె మరణానికి సేవాసంస్థల ఉత్తరాలు కారణం కావని కుటుంబమే చెప్పింది. అయినా దర్యాప్తు చేస్తే 99 సంస్థల దగ్గర ఆమె వివరాలున్నాయని తేలింది. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి చేరినవే వాటిలో ఎక్కువ. ఆ గొడవలోంచే 2017లో, ఫలానా సంస్థ ఉత్తరాలు నాకొద్దని ఎవరైనా ఒక్కచోట చెప్పుకునే ఏర్పాటు అక్కడ వచ్చింది. మనకు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంటుంది ఆ చట్టం. చందా ఫారంలో ఒక గీత గీసి ఒప్పుకున్న దాత, వద్దనడానికి మూడు ఆఫీసులకు ఫోన్ చేయాల్సి వస్తే అది నిలవదు.

పిన్ కోడ్ సంగతి. 1972 ఆగస్టు 15న దీన్ని ప్రవేశపెట్టిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా, ఆరంకెల్లో అంత పొదుపు ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. 5తో మొదలైతే తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక. 50 తెలంగాణ, 51 నుంచి 53 వరకు ఆంధ్రప్రదేశ్. ఇది చూసి చాలామంది పిన్ కొట్టగానే రాష్ట్రం, జిల్లా వాటంతటవే పడేలా అమర్చుకుంటారు. నూటికి తొంభై పాళ్లు బాగానే నడుస్తుంది. మిగతా పదిలో ఉన్నవాళ్లు చింతూరు, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు జనం. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 507 అంకెలు మాత్రం ఖమ్మంనాటివే వెంటవచ్చాయి. రాష్ట్రాన్ని అంకెల్లోంచి ఊహించే సాఫ్ట్‌వేర్ వాళ్లను తిరిగి తెలంగాణకు తోలేస్తుంది. ఒకే పిన్ కింద పది ఊళ్లుంటాయి కాబట్టి ఊరి పేరు కూడా తనంతట తాను పడకూడదు, జాబితా చూపించి ఎంచుకోమనాలి.

జిల్లాల గడి అంతకన్నా తలనొప్పి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 దసరాకు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటలతో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. కంపెనీవాడు ఇచ్చిన డ్రాప్‌డౌన్‌లో ఇంకా ఉమ్మడి రాష్ట్రమే ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉత్తరం చేరడానికి జిల్లా పేరు పెద్దగా అక్కర్లేదు, పిన్ చాలు. జిల్లాల వారీగా దాతల్ని లెక్కపెట్టే సంస్థకు మాత్రం కావాలి, అప్పుడు పాత జిల్లా, కొత్త జిల్లా రెండు గడులూ ఉంచుకోవడమే తెలివి. ప్రకాశం జిల్లా అద్దంకి వాసి 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లినా, ఒంగోలు కార్యకర్త ఆయన్ను తన లెక్కలోనే చూసుకున్నాడు.

లేబుళ్ల గురించి రెండు ముక్కలు. బజారులో దొరికే ఏ4 షీటుకు 21 లేదా 24 లేబుళ్లుంటాయి. 24 ఉన్న షీటులో ఒక్కోటి 34 మిల్లీమీటర్ల ఎత్తు. ఇంగ్లిషులో ఆరు వరసలు పట్టేచోట తెలుగులో అయిదే పడతాయి, వత్తులకూ గుణింతాలకూ పైనా కిందా చోటు కావాలి. నమూనాలో వరసల ఎడం పెంచకపోతే ‘కృష్ణ’లోని ణ వత్తు కింది వరస నెత్తిన పడుతుంది. తెలుగు లిపిలో చిరునామా రాస్తే పోస్టుమ్యాన్‌కు హాయి, పిన్ అంకెలు మాత్రం మామూలువే ఉండాలి. పాత పేర్లు ‘అను’ ఫాంట్లలో కొట్టి ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. అవి తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లిషు అక్షరాలే. ఎస్‌ఎంఎస్ విషయంలోనూ లిపి ఖరీదైనదే. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు, తెలుగులో 70.

2025 మే నెలలో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా కోసి ప్రతి చదరానికీ పది అక్షరాల సంకేతం ఇచ్చే పద్ధతి. హైదరాబాద్ ఐఐటీ, ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి చేసిన పని. డోర్ నంబరు లేని ఊరి చివర ఇళ్లకు ఇది వరం కావచ్చు. చిరునామా పేజీలో ఒక ఖాళీ గడి దానికోసం ఇప్పుడే పెట్టి ఉంచడంలో నష్టం లేదు. దాతను అడగడానికి తొందరేం లేదు, అది గుమ్మాన్ని చూపిస్తుందిగానీ ఆ గుమ్మంలో ఇప్పుడు ఎవరున్నారో చెప్పదు.

ఇక ‘డిసీజ్డ్’. అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ మరణించినవారి గుర్తు ఉంది. అది పెట్టగానే ఆ పేరు సాధారణంగా ఉత్తరాల జాబితాల నుంచి తప్పుకుంటుంది. అమెరికా లెక్కలో అది చాలు. మన నిత్యాన్నదానం లెక్కలో కథ అక్కడే మొదలవుతుంది. దాత పోయాక కూడా ఆయన పేరున ఏటా ఒక రోజు అన్నం వడ్డించాలి, ఆ రోజు బోర్డు మీద పేరు రాయాలి, ప్రసాదం ఇంటికి వెళ్లాలి. అంటే ఆయన రికార్డు మూసేయకూడదు, ఆయన పేరుతో కవరు మాత్రం వెళ్లకూడదు. పెద్దాయన పోయిన మూడో నెలలో ‘మీ పుట్టినరోజు సందర్భంగా ఆయురారోగ్యాలు కలగాలని’ అచ్చువేసిన కార్డు అందుకున్న ఇల్లాలిని నేను చూశాను, ఆమె ఏమీ అనలేదు, కార్డు తిరిగి కవర్లో పెట్టింది. ఆ ఆఫీసులో ఆయన పోయిన సంగతి తెలుసు. ఉత్తరాల జాబితాలో గుర్తు పెట్టారు, పుట్టినరోజుల జాబితా వేరేగా ఉంది. ‘ఎవరి పేరున’ అన్నదీ, ‘ఎవరికి’ అన్నదీ మొదటి రోజు నుంచీ రెండు రికార్డులుగా ఉంచి, మధ్య ముడి వేసి ఉంటే, మరణ గుర్తు పడగానే పేరు బోర్డుకీ కవరు భార్యకో కొడుక్కో మళ్లేది.

ఆపైన తిథి. వర్ధంతి మార్చి 14 అని ఎవరూ చెప్పరు, ఫాల్గుణ బహుళ పంచమి అంటారు. నేను చూసిన ఏ దాతల సాఫ్ట్‌వేర్‌కూ పంచాంగం తెలియదు. దాని తేదీల గడి ఏటా అదే రోజున గంట కొడుతుంది, తిథి అప్పటికి పది రోజులు అటో ఇటో జరిగి ఉంటుంది. ప్రసాదం పొట్లం వారం ముందు బయల్దేరాలి కాబట్టి అంచనాతో సరిపెట్టడానికీ లేదు. మా సత్రంలో దొరికిన దారి ఇది. తిథిని మాటల్లో ఒక గడిలో రాస్తారు, ‘ఈ ఏటి తేదీ’ అని పక్కన ఇంకో గడి. ఉగాదికి ముందు కొత్త పంచాంగం రాగానే ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి కూర్చుంటారు. మొత్తం తిథులకు తేదీలు కట్టి, ఒక్క వరస నింపి, ఎక్కిస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చినప్పుడు శ్రావణంలో తిథులున్న ఇళ్లన్నిటికీ ఆయనే ఫోన్ చేశారు. 2026లో అధిక జ్యేష్ఠం, ఆ జాబితా విడిగా తీసిపెట్టుకున్నారు. కొందరు నిజ మాసంలో చేస్తారట, కొందరు రెండింట్లోనూ చేయమంటారట. అడిగి, పక్కన పెన్సిల్‌తో రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటర్ ముందుకు వస్తారు.